పదిహేను కంకులు

నర్సరీ, కుండీల షెడ్డు
ఎండలు తగ్గుముఖం పట్టాక

నా ముద్దుల మరదలికి,

ఇక్కడ అందరం బాగున్నాం, నా కడుపు తప్ప. దానికి జబ్బేమీ లేదు, మంట అంతే.

ఫోన్ చేయకుండా ఈ ఉత్తరమేంటి అనుకుంటావేమో. మా ఫోన్ ఉండేది హాల్లో. అత్తయ్య ఉండేదీ హాల్లోనే. ఆవిడకి కళ్లు మసకబారాయి గానీ చెవులు మాత్రం పాము చెవులు. నేను నిన్ను తిట్టదలుచుకున్న తిట్లు ఆవిడ చెవిన పడటం నాకిష్టం లేదు.

నువ్వు వెళ్లిన రోజు నేను లావెండర్ మడిలో కలుపు తీస్తున్నాను. నిన్ను బస్సెక్కించి వచ్చిన మీ అన్నయ్య, కుళాయి దగ్గర కాళ్లు కడుక్కుంటూ, వాన పడేలా ఉంది అన్నంత మామూలుగా, "అమ్మ నీలాన్ని చెల్లికిచ్చేసింది" అన్నాడు. ఆ తర్వాత నేను పీకింది కలుపో లావెండరో నాకే తెలీదు.

ఈ నర్సరీలో పుదీనా దగ్గర్నుంచి రోజ్‌మేరీ దాకా తులసి కుటుంబం మొక్కలన్నీ నా చేతుల మీదే పెరుగుతున్నాయి. మరువం కొమ్మలు నాటేది నేను. రుద్రజడ నారు పోసేది నేను. కోలియస్ కొసలు తుంచేది నేను. మీ అమ్మ పక్కన పీట వేసుకుని కూర్చుని నా కత్తి ఎటు తిరుగుతోందో చూస్తుంది, తప్పు కోస్తే మోచేతి మీద ఒక్కటి వేస్తుంది. అంత చనువుంది మా మధ్య. కానీ నీలం సాల్వియా దగ్గరికి వచ్చేసరికి నేను పరాయిదాన్నయిపోతాను. అది ఆవిడ రెండు సాల్వియాలు కలిపి, ఏళ్ల తరబడి ఏరి ఏరి తెచ్చుకున్న మొక్క. ఇంకెవరి దగ్గరా లేదు. గింజ వేస్తే తల్లి పోలిక రాదు, ఉతికి ఉతికి వెలిసిన చీరలాంటి ఊదా రంగొస్తుంది. కొమ్మ నాటితేనే ఆ నీలం. ఆ కొమ్మ మీద మాత్రం నన్ను కత్తి పెట్టనివ్వదు.

ఈసారి ఆవిడ చెయ్యి వణికింది. కోసినవాటిలో ఒక్కటే వేరు పట్టింది. ఆ పిల్ల మొక్కని తీసుకెళ్లి నీ ఒళ్లో పెట్టింది. మొద్దుదేరిన ముసలి మొక్క ఇక్కడ మిగిలింది.

నీకా! ముళ్ల మొక్కకి కూడా నీళ్లు పోయడం మర్చిపోయి ఎండబెట్టి చంపినదానివి నువ్వు. మీ అమ్మ నీకు పరధ్యానం అని పేరు ఊరికే పెట్టిందా?

ఈ ఏడుపు ఒక్క మొక్క కోసం కాదు. రేపు అత్తయ్య కత్తి కింద పెట్టేస్తే దాన్ని ఎవరి చేతిలో పెడుతుందా అని నేను ఎదురుచూస్తున్నాను. అడగలేదు, ఎప్పటికీ అడగను. నీలం ఎవరికిస్తే వాళ్లకే కత్తి అనుకున్నాను. అదీ తేలిపోయింది. సంతోషమే కదా నీకు?

మొక్క ఎలా ఉందో రాయి. బాగుందని రాస్తే కుళ్లుకుంటాను, బాగాలేదని రాస్తే నిన్ను చంపేస్తాను.

ఉడికిపోతున్న
నీ వదిన


కళ్లజోళ్ల షాపు పైన, మూడో అంతస్తు
తొలి వాన పడిన వారం

ఉడుకుతున్న వదినకి,

మూత కాస్త ఓరగా తీసి పెట్టుకో, పొంగిపోతావు.

నీ ఉత్తరం షాపులో కౌంటరు కింద పెట్టుకుని చదివాను. ఎదురుగా ఓ పెద్దాయన అక్షరాల అట్ట చదువుతున్నాడు. నేను పక్కున నవ్వితే, తప్పు చదివానేమోనని పాపం మళ్లీ మొదట్నుంచి మొదలుపెట్టాడు.

మొక్క సంగతి అడిగావు కదా, విను. పదిహేను పూల కంకులు! బాల్కనీ అంతా నీలమే. కింద వాకిట్లో మిషను కుట్టే టైలరమ్మ బట్టలు పక్కన పెట్టి మరీ తలెత్తి చూస్తోంది. మా ఆయన రోజూ ఆఫీసుకి వెళ్తూ ఓసారి, వచ్చాక ఓసారి చూసుకుంటారు. నన్ను కూడా ఆయన ఇంతగా చూసింది లేదు.

ఇచ్చేటప్పుడు అమ్మ ఏమందో కూడా చెప్పనా? "ఇది నీ దగ్గరే ఉండాలి, ఎవరికీ ఇవ్వకు" అంది. అచ్చంగా ఇవే మాటలు. ఇంక నువ్వు హాయిగా కుళ్లుకో.

కుళ్లు నీ ఒక్కదాని సొత్తేం కాదులే వదినా. అమ్మ నాకు ఫోన్ చేస్తే నా ఆరోగ్యం అరనిమిషం, మిగతాదంతా నువ్వే. కోడలు రోజ్‌మేరీకి వేర్లు తెప్పించింది, కోడలు పుదీనా మడి మార్చింది, కోడలు కత్తి తిప్పితే చూడాలి! చిన్నప్పుడు నా చేతికి కాడలిచ్చి, "వేళ్ల మధ్య తిప్పు, నాలుగు పలకలు తగిలితే మన మొక్కల చుట్టమే" అనేది. నేను గుండ్రటి కాడకి కూడా పలకలున్నాయని చెప్పి తప్పించుకునేదాన్ని. అప్పుడే నన్ను వదిలేసి ఉంటుంది.

ఇన్నాళ్లకి ఒక్క కుండీ నా వంతుకొచ్చింది. కాస్త మిడిసిపడనీ.

మిడిసిపడుతున్న
నీ మరదలు


నర్సరీ, కుండీల షెడ్డు
ముసురు పట్టిన రోజు

మరదలా,

పదిహేనా? ఇక్కడి ముసలిది రెండే వేసింది. అందులో ఒకటి వంకర.

నేను ఇప్పుడు తేనె పూసి అడుగుతాను, నువ్వు నవ్వకుండా వినాలి. పువ్వు లేని చిన్న కొమ్మ, నాలుగు వేళ్ల పొడవుది, ఒక్కటి కోసి పంపవా? కింది ఆకులు తుంచేసి, తడి గుడ్డలో చుట్టి, మనవైపొచ్చే బస్సు డ్రైవరుకిస్తే చాలు. మీ అన్నయ్య అందుకుంటాడు.

నర్సరీలో ఉన్న మొక్కని దొంగతనంగా కోయలేకనా అంటావు. కోయగలను. అత్తయ్య కునుకు తీసేటప్పుడు పని అయిపోతుంది. కానీ నాకు ఎవరో ఒకరు ఇచ్చినది కావాలి. మొన్న ఉండబట్టలేక, "అత్తయ్యా, ఈసారి నీలం నేను కోయనా?" అని అడిగేశాను. "ముందు లావెండర్ సంగతి చూడు" అంది. లావెండర్‌కేం, నిక్షేపంలా ఉంది.

నీకు తెలుసుగా ఆవిడ పద్ధతి. ఏ అపురూపమైన మొక్కయినా ఒకే కప్పు కింద ఉండకూడదంటుంది. తెల్ల పువ్వు రోజ్‌మేరీ ఒకటి పాలబూత్ మేడ మీద, ముడతాకు పుదీనా ఒకటి టీచరమ్మ పెరట్లో దాపుడు కుండీల్లో పెట్టించింది. ఇక్కడిది పోతే అక్కడి నుంచి తెచ్చుకోవచ్చని. నీలానికి మాత్రం ఇన్నాళ్లూ ఎవర్నీ నమ్మి దాపుడు కుండీ పెట్టలేదు. షెడ్డులో తన కళ్లెదుటే ఉంచుకుంది. నమ్మి నమ్మి నీకిచ్చిందంటే అది దాపుడు కాదు, పిల్లకి తల్లి పెట్టే సొమ్ము.

అందుకే ఇంత మంట. నాకు మా అమ్మ ముఖం గుర్తులేదు. మీ అమ్మ మోచేతి మీద వేసే దెబ్బలతోనే ఇన్నాళ్లూ మురిసిపోయాను. అవి కూలీకి వేసే దెబ్బలా, కూతురికి వేసే దెబ్బలా అని ఇప్పుడు ఆలోచన పట్టుకుంది.

ఒక్క కొమ్మ. ఇస్తే నీ పేరు చెప్పుకుని పెంచుకుంటాను.

నీ వదిన


మూడో అంతస్తు

వదినా,

ఇవ్వను.

అమ్మ ఎవరికీ ఇవ్వకు అంది. ఎవరికీ అంటే నీకు కూడా. ఆ మాట వంక పెట్టుకుంటున్నానని నువ్వు అనుకుంటే, అవును, పెట్టుకుంటున్నాను.

అమ్మ నీ దగ్గరుంది. అన్నయ్య సరే, నీ మొగుడే. నర్సరీ నీ చేతుల్లో ఉంది. మొన్న వచ్చినప్పుడు నా గదిలోకి వెళ్తే నా మంచం నిండా నువ్వు ఆరబెట్టిన మరువం. నేను హాల్లో చాప వేసుకుని పడుకున్నాను. మరువం మాత్రం పరుపు మీద పడుకుంది. ఎవరికీ అది వింతగా అనిపించలేదు. "దానికి గాలి తగలాలే" అంది అమ్మ. నాకు తగలక్కర్లేదా గాలి?

తల్లి ముఖం గుర్తులేదని రాశావు. చదివి ఏడుపొచ్చింది, ఒళ్లూ మండింది. నాకు గుర్తుండి ఏం లాభం? ఆ ముఖం నీవైపే తిరిగి ఉంటుంది. అమ్మ మాటల్లోనే చెప్తాను. నేను గింజని, పోలిక రాలేదు. నువ్వు కొమ్మవి, ఎక్కడ గుచ్చినా పట్టేశావు.

ఆ ఒక్క కుండీ నాకు వదిలెయ్. అన్నట్టు, కంకులు ఇప్పుడు ఇరవై దాటాయి.

నీ మరదలు


నర్సరీ, కుండీల షెడ్డు
వాన వెలిశాక

మరదలా,

ఈ ఉత్తరం నీతో గొడవ పెట్టుకోవడానికి రాయడం లేదు.

నీలం చచ్చిపోయింది. చంపింది నేనే.

నువ్వు ఇరవై అన్నావు. అది తలకెక్కింది. రెండు కంకుల ముసలిదాన్ని చూస్తుంటే నా చేతకానితనాన్ని ఎవరో వాకిట్లో నిలబెట్టినట్టనిపించింది. నీదానికంటే ఎక్కువ పూయించి అత్తయ్య చేత ఔరా అనిపించాలనుకున్నాను. పెద్ద కుండీలోకి మార్చి, ఇసుక మట్టి దులిపేసి, మాగిన ఎరువు దట్టించాను. రెండు పూటలా నీళ్లు. లావెండర్‌కి ఎవరైనా ఇలా చేస్తే వాళ్ల చేతిలోంచి చెంబు లాక్కునేదాన్ని. లావెండర్ లాంటి చుట్టాలకి ఇసుక మట్టి, ఎండ, గాలి చాలని కొనడానికొచ్చేవాళ్లకి రోజూ పాఠం చెప్పేదాన్ని. నా విషయానికొచ్చేసరికి ఆ పాఠం ఏ గంగలో కలిసిందో!

మొదట ఆకులు వాలాయి. దాహమేమో అనుకుని ఇంకాస్త పోశాను. మర్నాటికి కొసలు వేలాడిపోయాయి. వేరు కుళ్లిందని అప్పుడు వెలిగింది. కోసి ఒక్క కొమ్మయినా బతికిద్దామని కత్తి తీశాను, ఎవర్నీ అడక్కుండానే. ఎక్కడ కోసినా లోపల గోధుమ రంగే. ఇన్నాళ్లు కాచుకుని నీలం మీద కత్తి పెట్టింది, చచ్చిన కొమ్మ మీద.

అత్తయ్య వచ్చింది. కాడని గోటితో గీరి వాసన చూసింది. కుండీలో వేలు గుచ్చి, ఆ తడి నా కొంగుకే తుడిచింది. తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండేది. "అమ్మాయికి రాయి" అంది, అంతే. మనం రాసుకుంటున్నట్టు ఆవిడకి ఎవరు చెప్పారో!

ఇప్పుడు ఇంక ఈ భూమ్మీద నీలం అంటూ ఉంటే నీ బాల్కనీలోనే ఉంది. నాకు ఇవ్వకు. మీ అమ్మకి ఇవ్వు. ఆవిడ పొద్దున్నే ఆ ఖాళీ చోటు దగ్గరికి వెళ్లి చేత్తో తడుముతోంది. నేను చూడలేకపోతున్నాను.

నీ వదిన


మూడో అంతస్తు

వదినా,

నీ ఉత్తరం చదివి నేను ముందు సంతోషపడ్డాను. నిజం. చంకలు గుద్దుకున్నాను. ఆ తర్వాత బాల్కనీలోకి వెళ్లి కుండీ చూసి కూలబడ్డాను.

ఒక్క కంకి కూడా లేదు వదినా. ఎప్పుడూ లేదు. పదిహేనూ అబద్ధమే, ఇరవయ్యీ అబద్ధమే. నా బాల్కనీకి ఎదురు మేడ అడ్డం, ఎండ పొద్దున్న కాసేపు తొంగి చూసి పోతుంది. మొక్క సన్నగా, ఒంటి కాడతో, వెలుగు ఎక్కడుందా అని మెడ చాచుకుని నిలబడింది. టైలరమ్మకి అసలు అక్కడ మొక్కుందని తెలీదు. మా ఆయన దాని మీద తడి చొక్కా ఆరేశారు. నువ్వు కుళ్లుకోవాలని నేనల్లిన కట్టుకథతో పోటీపడి నువ్వు నిజం మొక్కని చంపేశావు. మనిద్దర్నీ ఏం చేయాలో చెప్పు?

అంతటితో ఆగలేదు నేను. అమ్మకి ఫోన్ చేశాను, నీ మీద చాడీ చెప్పడానికే. "నీ బంగారు కోడలు నీలాన్ని ఏం చేసిందో చూశావా? నాకిచ్చి మంచి పని చేశావు" అన్నాను. అమ్మ నవ్వింది. "నీకివ్వడమేంటే? కోడలి కోసం నీ దగ్గర దాచాను" అంది.

అప్పుడు చెప్పుకొచ్చింది. "నా చెయ్యి పనికిరాదు ఇంక. ఈ ఏడు కత్తి దానికి ఇచ్చేద్దామనుకున్నా. చెయ్యి మంచిదే గానీ దానికి ఆత్రం. ప్రేమ పుట్టిందంటే నీళ్లు పోసి చంపుతుంది. నేనూ అలాగే ఒకదాన్ని చంపాకే నేర్చుకున్నా. అందుకే ఆ ముసలిది దాని కళ్లముందు ఉంచి, పిల్లమొక్క నీ దగ్గర పెట్టా."

"దాచడానికి నేనే ఎందుకు దొరికానమ్మా?" అన్నాను. ఏదో ఒక మంచి మాట వస్తుందని అడిగాను వదినా, సిగ్గు విడిచి. "నువ్వు నీళ్లు పోయడం మర్చిపోతావు కదే. దానికి కావాల్సింది అదే" అంది.

అదీ నా గొప్ప. పాలబూత్ మేడకీ, టీచరమ్మ పెరడుకీ, నాకూ తేడా లేదు. నేను దాపుడు కుండీ పెట్టుకునే చోటుని.

ఇచ్చేటప్పుడు అమ్మ అన్నది "నేను అడిగేదాకా ఎవరికీ ఇవ్వకు" అని. ముందు మాట నీకు రాయకుండా మింగేశాను. ఇప్పుడు అడిగింది. ఆదివారం మొక్కని ఒళ్లో పెట్టుకుని వస్తున్నాను. నా మంచం మీద మరువం తీసేసి ఉంచు. లేదంటే దాని మీదే పడుకుంటాను.

నీ మరదలు


నర్సరీ, కుండీల షెడ్డు
చలి మొదలయ్యాక

మరదలా,

తిట్టాల్సినవన్నీ నీ ఎదుటే తిట్టేశాను కాబట్టి మళ్లీ రాయను. నువ్వు తిట్టినవి కూడా నాకు బాగానే గుర్తున్నాయి.

ఆ రోజు అత్తయ్య అందరి ముందూ కత్తి నా చేతిలో పెట్టినప్పుడు నువ్వు మొహం తిప్పుకుని కిటికీ తుడవడం మొదలుపెట్టావు. పుట్టి బుద్ధెరిగి ఈ ఇంట్లో నువ్వు కిటికీ తుడిచింది లేదు. ఇన్నాళ్లు దేనికోసం కుళ్లి చచ్చానో అది చేతికొచ్చింది, నేనేమో నీ వీపు చూస్తూ నిలబడ్డాను. నువ్వు తుడిచిందే తుడుస్తున్నావు, అద్దం అరిగిపోతుందేమో అనుకున్నాను. సంతోషపడటానికి కూడా కుదరనివ్వలేదు కదే నువ్వు!

ఇక లెక్క విను. నీ ఒంటి కాడ మూడు ముక్కలైంది. కుండీలో మిగిలిన మొదలు చిగురించలేదు, ఎండిపోయింది. మూడింట్లో ఒకటి మసిబారి పోయింది. రెండు పట్టాయి. ఉత్త ఇసుక మట్టి, బొట్టు బొట్టుగా నీళ్లు. రోజూ చెయ్యి చెంబు మీదికి పోతుంది, నీ ఫొటో చూసి ఆపుకుంటున్నాను. నవ్వకు, నిజంగానే షెడ్డులో నీ ఫొటో తగిలించాను. మర్చిపోవడం నేర్పే గురువువి.

ఒకటి ఇక్కడ, ఒకటి నీ దగ్గర. "మళ్లీ అమ్మాయి దగ్గరే దాచు" అంది అత్తయ్య. నేను కాదన్నాను. ఆవిడ మాటకి ఎదురు చెప్పడం ఇదే మొదలు. "దాచడం కాదు అత్తయ్యా, దానిది దానికి పంపుతున్నా" అన్నాను. ఆవిడ నా మోచేతి మీద ఒక్కటి వేసింది. ఈసారి ఎందుకేసిందో నాకు తెలిసింది, నువ్వు అడక్కు.

పెట్టెలో సర్ది బస్సులో పంపుతున్నాను. రెండు మొక్కలూ ఒక్కలాగే ఉన్నాయి. నమ్ము.

నీ వదిన


మూడో అంతస్తు
మళ్లీ ఎండలు వస్తున్నాయి

వదినా,

నమ్ము అని రాశావు చూడు, పెద్దది నువ్వు ఉంచుకున్నావని అప్పుడే తెలిసింది. నేనయినా అదే పని చేసేదాన్ని.

ఇన్నాళ్లూ జవాబు రాయలేదంటే అలిగి కాదు. అబద్ధం రాయకుండా ఉండాలంటే రాయడానికి ఏదో ఒకటి ఉండాలి కదా, దాని కోసం ఆగాను. బాల్కనీలో లాభం లేదని కుండీ కిందికి దించి టైలరమ్మ వాకిట్లో పెట్టించాను. అక్కడ సాయంత్రం దాకా ఎండే. "నీళ్లు పోయొచ్చా?" అని ఆవిడ అడిగితే నీ కథ చెప్పి భయపెట్టాను. పొద్దున్నే షాపు తాళం తీసేముందు వెళ్లి చూసుకుంటాను. మర్చిపోవడం లేదు. నీళ్లు మాత్రం మర్చిపోయినట్టు నటిస్తాను. కాడ వేళ్ల మధ్య తిప్పి చూశాను. పలకలు తగిలాయి, నాలుగూ.

నిన్న పూసింది. టైలరమ్మ నిజంగానే మిషను ఆపి నన్ను కేకేసింది. ఒకే ఒక్క కంకి. పదిహేను కాదు, ఒకటి. ఆ నీలం ఎలా ఉంటుందో నేను మర్చిపోయాను వదినా. షాపు తాళం తీయడం మానేసి మెట్టు మీద కూర్చున్నాను.

మొన్న ఫోన్లో అన్నయ్య నోరు జారాడు, నీదింకా మొగ్గ కూడా వేయలేదట కదా. ఎంత హాయిగా నిద్రపట్టిందో ఆ పూట!

ఉన్న ఆ ఒక్క కంకినీ కోసి ఈ కవర్లో పెట్టాను. ఇప్పుడు నా కుండీలో ఆకులే ఉన్నాయి. దారిలో వాడినా రంగు పోదు. అమ్మ కళ్లకి బాగా దగ్గరగా పట్టుకుని చూపించు. ఎవరిదని అడుగుతుంది. అడిగేదాకా నువ్వు నోరు విప్పకు.

అడిగాక మాత్రం, నీ కడుపు ఎంత మండినా సరే, నీ నోటితోనే చెప్పాలి. "మీ అమ్మాయిది" అని.

నీ మరదలు